ఊరి పేరే జట్టు పేరు

2025 జూలై 20వ తేదీన ఐర్లండు రాజధాని డబ్లిన్ నగరంలోని క్రోక్ పార్కు మైదానంలో టిప్పరరీ, కార్క్ అనే రెండు కౌంటీల జట్లు హర్లింగ్ ఆటలో అఖిల ఐర్లండు విజయం కొరకు తలపడినవి. చూడవచ్చిన జనం 82 వేలకు పైగా ఉన్నారు. సగం ఆట ముగిసేసరికి కార్క్ జట్టు 6 పాయింట్ల ఆధిక్యంతో ఉన్నది. తరువాతి సగంలో ఆ జట్టు రెండే రెండు పాయింట్లు సంపాదించగలిగినది. చివరకు టిప్పరరీ 15 పాయింట్ల తేడాతో గెలిచినది. కౌంటీ అనగా మన జిల్లా వంటిది. రెండు జిల్లాల నడుమ ఆటకు అంత జనం రావడం ఒక వింత. గెలిచినవారికి గాని, ఓడినవారికి గాని ఆడినందుకు జీతం లేకపోవడం అంతకంటె పెద్ద వింత. ఆ ఆటగాళ్ళలో ఉపాధ్యాయులు, విద్యార్థులు, రైతులు, చిన్న ఉద్యోగులు ఉంటారు. సంబరం ముగిసిన తరువాత ఎవరి పాఠశాలకు వారు, ఎవరి పొలానికి వారు తిరిగిపోతారు.

గోదావరి ఒడ్డున, ఖమ్మం మైదానాలు ముగిసి భద్రాచలం అడవులు మొదలయ్యే ప్రాంతంలో నివసించే ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ఈ దూరదేశపు ఆటతో పని ఏమున్నదని అడుగవచ్చును. పని ఉన్నది. ఆ మన్యంలో పిల్లలు పరుగెత్తుతున్నారు, చెడుగుడు ఆడుతున్నారు, వాలీబాల్ ఆడుతున్నారు, విల్లు ఎక్కుపెడుతున్నారు. ఆశ్రమ పాఠశాలల జట్లు పోటీలలో పాల్గొంటున్నవి. అయితే పదవ తరగతి దాటిన నాటి నుండి ఆ పిల్లవాడు ఏ జట్టులో ఆడవలెను? ఎవరి పేర ఆడవలెను? ఈ ప్రశ్నకు ఐర్లండు పల్లెలు ఒక సమాధానం కనుగొన్నవి. ఆ సమాధానంలో మనకు పనికివచ్చేదెంత, పనికిరానిదెంత అన్నది విచారింపదగిన విషయం.

ఆట, సంఘం

హర్లింగ్ కర్రతో బంతిని కొట్టే ఆట. జట్టుకు 15 మంది. కర్ర చివర వెడల్పుగా, చదునుగా ఉంటుంది. దానిని ఐరిష్ భాషలో కమాన్ అంటారు. హాకీలో వలె బంతి నేలమీదనే దొర్లదు. దానిని కర్రతో ఎత్తుకొని, గాలిలో కొట్టి, కర్ర చివర నిలుపుకొని పరుగెత్తుతారు. గోలు అడ్డుకర్రకు క్రిందుగా బంతి పోయిన 3 పాయింట్లు, పైనుండి పోయిన 1 పాయింటు. ఐర్లండు పురాణ వీరుడు కూహులిన్ బాల్యంలో ఈ కర్రా బంతీ పట్టుకొని దారి పొడుగునా ఆడుకొంటూ రాజుగారి కోటకు పోయినట్లు కథ. మన ఆదిపర్వంలో కురుకుమారుల బంతి బావిలో పడడం, ద్రోణుడు దానిని బాణాలతో వెలికి తీయడం మన విద్యార్థులు ఎరిగినదే. ప్రతి జాతీ తన వీరులను మొదట ఆటస్థలంలోనే చూచినది కాబోలు.

ఐర్లండును ఏలిన ఇంగ్లండు ప్రభువులు 1366లో కిల్కెన్నీ శాసనాల ద్వారా ఈ ఆటను నిషేధించినారు. ఇంగ్లండు నుండి వచ్చి అక్కడ స్థిరపడినవారు స్థానికుల ఆట ఆడి స్థానికులైపోవుదురేమో అన్నది వారి భయం. శాసనం ఆటను చంపలేకపోయినది. కాని పంతొమ్మిదవ శతాబ్దం నడుమ వచ్చిన మహాక్షామం, దాని వెంట సాగిన వలసలు పల్లెలను ఖాళీ చేసినవి. ఆడేవారే లేనప్పుడు ఆట క్షీణించక ఏమగును? ఆ స్థితిలో మైకేల్ క్యుసాక్ అను ఉపాధ్యాయుడు పూనుకొని, మారిస్ డేవిన్ అను క్రీడాకారుని తోడు చేసుకొని, 1884 నవంబరు 1వ తేదీన థర్లెస్ అనే చిన్న పట్టణంలో గేలిక్ అథ్లెటిక్ సంఘాన్ని స్థాపించినాడు. తొలి సమావేశానికి వచ్చినవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమందే. నేడు ఆ సంఘానికి ప్రపంచమంతటా రెండువేలకు పైగా స్థానిక క్లబ్బులున్నవి. ఇంత కార్యానికి నాంది పలికినవాడు ఒక బడిపంతులన్న సంగతి ఉపాధ్యాయ లోకం గుర్తుంచుకొనదగినది.

ఆ సంఘం బలం మూడు నియమాలలో ఉన్నది. మొదటిది స్థానికత. పిల్లవాడు ఏ ఊరిలో పుట్టి పెరిగినాడో ఆ ఊరి క్లబ్బుకే ఆడుతాడు. అందులో రాణించినవాడు తన కౌంటీకి ఆడుతాడు. ధనవంతమైన కౌంటీ పేద కౌంటీ ఆటగానిని కొనుక్కొనే సంత అక్కడ లేదు. రెండవది నిర్వేతనత్వం. ప్రయాణపు ఖర్చుల వంటివి తప్ప ఆటకు కూలి లేదు. పెద్ద పోటీలలో టిక్కెట్ల మీద వచ్చిన ధనంలో చాలా భాగం తిరిగి మైదానాలకూ, క్లబ్బులకూ, పిల్లల శిక్షణకూ పోతుంది. మూడవది సరిహద్దును లెక్కచేయకపోవడం. 1921లో ఐర్లండు రెండు ముక్కలైనది. ఉత్తరాన 6 కౌంటీలు బ్రిటన్ పాలనలో మిగిలినవి. కాని ఆటకు మాత్రం 32 కౌంటీలూ ఒకే దేశం. ఉత్తరాదిలోని ఆంట్రిమ్ జట్టు 1943లోను, 1989లోను అఖిల ఐర్లండు తుదిపోటీ దాకా వచ్చినది. పటంలో గీసిన గీతను ఆటస్థలం మన్నించలేదు.

గీతల మధ్య మన్యం

ఈ మూడవ నియమం దగ్గరనే భద్రాచలం ప్రాంతపు కథ మొదలవుతుంది. ఆ అడవి పల్లెల మీదుగా గీసినన్ని గీతలు తెలుగుదేశంలో మరెక్కడా గీయలేదేమో. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాలో ఉన్నవి. ఆ సంవత్సరం ఖమ్మం జిల్లాలో చేరినవి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు, పోలవరం ప్రాజెక్టు ముంపును దృష్టిలో ఉంచుకొని, కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలతోబాటు భద్రాచలం, బూర్గంపాడు మండలాలలోని గ్రామాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలినది. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడినది. అప్పుడే వాజేడు, వెంకటాపురం మండలాలు జయశంకర్ జిల్లాలో చేరి, 2019లో ములుగు జిల్లాకు మారినవి. అవతల ఒడ్డున ఏటపాక, చింతూరు ప్రాంతాలు 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినవి. ఒక తాత తన జీవితకాలంలో ఇల్లు కదలకుండానే మూడు నాలుగు జిల్లాలలో కాపురమున్నాడు.

పరిపాలనకు ఈ మార్పుల అవసరం ఉండవచ్చును. ఆటలో వీటి ఫలితమేమిటో ఎవరూ విచారించలేదు. క్రీడాసంఘాలు జిల్లాల వారీగా, రాష్ట్రాల వారీగా ఏర్పడి ఉంటవి. భద్రాచలం బస్సుస్టాండు నుండి కాలినడకన పోదగిన ఊరి పిల్లవాడు వేరు రాష్ట్రపు జట్టుకు చెందినవాడు. నిన్నటి దాకా ఒకే బరిలో కూత పెట్టిన ఇద్దరు బాలురలో ఒకనికి ఎంపిక పోటీలు కొత్తగూడెంలో, మరొకనికి కొండలకు ఆవల ఎక్కడో దూరాన. శబరి ఒడ్డున కుంట, అది ఛత్తీస్‌గఢ్. శబరీ సీలేరుల కూడలిలో మోటు, అది ఒడిశా. నాలుగు రాష్ట్రాలలోను కోయలున్నారు, నాలుగింటిలోను కోయభాష వినబడుతుంది. పెండ్లి సంబంధాలు, జాతరలు, సంతలు ఈ గీతలను దాటి సాగుతూనే ఉన్నవి. దాటలేనిది జట్టు ఒక్కటే.

ముంపు మరొక మెట్టు. క్లబ్బు ఊరిని ఆశ్రయించి ఉంటుంది. ఊరే లేచిపోయినప్పుడు దాని పేర ఆడేదెవరు? పోలవరం నిర్వాసితులకు ఇండ్లూ భూములూ సరిగా చూపవలెనన్న వాదం న్యాయమైనది, ముఖ్యమైనది. దానికి తోడు, పునరావాస కాలనీలో పిల్లలు కలిసి ఆడుకొనే మైదానం, ఆ మైదానానికి పాత ఊరి పేరు ఉండవలెనని కోరడం అతిశయం కాదు. పేరు నిలిచిన చోట ఊరు కొంతైనా నిలుస్తుంది.

వెళ్ళిపోయిన ప్రతిభ

భద్రాచలం పేరును ఇటీవల క్రీడాలోకంలో మారుమ్రోగించిన బాలిక గొంగడి త్రిష. 2005 డిసెంబరు 15న భద్రాచలంలో పుట్టిన ఈ అమ్మాయి 19 ఏళ్ళలోపు బాలికల ప్రపంచకప్ క్రికెట్‌లో 2023లోను, 2025లోను గెలిచిన భారతజట్టులో ఉన్నది. 2025 జనవరిలో మలేసియాలో స్కాట్లండు మీద 59 బంతులలో 110 పరుగులు తీసి, ఆ పోటీల చరిత్రలో తొలి శతకం సాధించినది. ఫిబ్రవరి 2వ తేదీన దక్షిణాఫ్రికాతో జరిగిన తుదిపోటీలో 3 వికెట్లు తీసి, 44 పరుగులతో అజేయంగా నిలిచినది. మొత్తం 309 పరుగులతో ఆ పోటీలన్నింటికీ ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నికైనది. ఈ యశస్సుకు భద్రాచలం గర్వించడం సహజం.

గర్వంతో పాటు ఒక ఆలోచన కూడా కలుగవలెను. ఆ బాలికకు శిక్షణ దొరకినది మూడువందల కిలోమీటర్ల దూరాన ఉన్న జంటనగరాలలో. బిడ్డ కొరకు కుటుంబం యావత్తూ చిన్నతనంలోనే భద్రాచలం విడిచి తరలిపోయినది. ఆ త్యాగం శ్లాఘనీయం. కాని అట్లు తరలిపోగల కుటుంబాలు ఎన్ని? మిరపతోటలో కాయ కోసే కూలి ఇంటి పిల్ల, చర్ల మండలంలో పోడు రైతు ఇంటి పిల్లవాడు నగరానికి కాపురం మార్చగలరా? ప్రతిభకు ప్రయాణమే షరతైన చోట ప్రయాణించలేనివారి ప్రతిభ లెక్కలోకే రాదు. ఏకలవ్యుని కథలో మనం బొటనవ్రేలిని మాత్రమే తలచి బాధపడుతుంటాము. ఆ కథలో మరొక విషాదమున్నది. అంతటి విలుకానికి తనతో సమానంగా ఆడే తోడు ఒక్కడూ లేడు. మట్టిబొమ్మ ఎదుట ఒంటరిగా నేర్చినాడు, ఒంటరిగానే నష్టపోయినాడు. వెనుక నిలిచి ప్రశ్నించే ఒక జట్టు ఉన్నట్లయిన ఆ గురుదక్షిణ అంత సులభంగా చెల్లేది కాదు.

పేరు మాత్రమే తెలుగు

నేటి క్రీడలలో ధనం ప్రవేశించిన తీరు వేరొక సమస్య. చెడుగుడు మన ఆట. మహారాష్ట్రలో హుతుతు, బెంగాలులో హాడుడు అనే పేర్లతో దేశమంతటా ఆడినదే. 1990 బీజింగ్ ఏషియా క్రీడలలో అది పోటీ ఆటగా చేరినది. 2014లో మొదలైన ప్రో కబడ్డీ లీగు దానికి ఇంటింటా ప్రేక్షకులను తెచ్చినది. ఆటగాళ్ళకు జీవనం దొరకినది, ఇది సంతోషించదగినదే. 2023లో తెలుగు టైటన్స్ జట్టు పవన్ సెహ్రావత్ అనే ఢిల్లీ ఆటగాని కొరకు 2 కోట్ల 60 లక్షల రూపాయలకు పైగా వెచ్చించినది. ఆటగాళ్ళు వేలంలో వస్తారు, వేలంలో పోతారు. జట్టు పేరులో తెలుగు ఉన్నది, జట్టులో తెలుగు బాలురు కొద్దిమంది.

2025 అక్టోబరులో ఢిల్లీలో విలువిద్యకు సైతం ఒక లీగు ఏర్పడినది. అందులో తెలంగాణ పక్షాన నిలిచిన జట్టు పేరు ‘కాకతీయ నైట్స్’. విజయవాడ విలుకత్తె వెన్నం జ్యోతి సురేఖ అందులో పాల్గొనడం ముదావహం. ఆ పేరు వినగానే మేడారం జాతరను ఎరిగినవారికి చిన్న నవ్వు రాక మానదు. సమ్మక్క సారలమ్మలు విల్లంబులు పట్టి ఎదిరించినది కాకతీయ సైన్యాన్నే అని కదా కోయల కథ. తెలంగాణ విలువిద్యకు పేరు పెట్టవలసివచ్చినప్పుడు అడవిలో తరతరాలుగా విల్లు పట్టినవారు గుర్తుకు రాలేదు, కోటలో ఉన్నవారు గుర్తుకు వచ్చినారు. ఇది ఎవరో కావాలని చేసినది కాదు. మన్యం జట్టుగా కూడి తన పేరు తాను వినిపించుకోనంత కాలం ఇట్లే జరుగుతుంది.

పైనుండి వచ్చే ఆట

ప్రభుత్వాలు ఊరకున్నవని అనడం అన్యాయం. కిన్నెరసాని దగ్గర గిరిజన బాలబాలికల కొరకు ఆదర్శ క్రీడా పాఠశాల నడుస్తున్నది. తెలంగాణలో 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలకు స్థలాలు కేటాయించినారు. 2024 డిసెంబరులో ముఖ్యమంత్రి కప్ పోటీలను గ్రామస్థాయి నుండి జరిపినారు. 2025 ఆగస్టులో కొత్త క్రీడావిధానం ప్రకటించినారు. ప్రభుత్వోద్యోగాలలో క్రీడాకారులకు 2 శాతం కోటా కలదు. సరిహద్దుకు ఆవల ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో బస్తర్ ఒలింపిక్స్ జరిపినది. ఏడు జిల్లాల నుండి లక్షా 65 వేలమంది పేర్లు నమోదు చేసుకొన్నారు. లొంగిపోయిన మావోయిస్టులు, ఆ హింసలో అవయవాలు కోల్పోయినవారు కూడా అందులో పాల్గొన్నారు. ఏళ్ళ తరబడి తుపాకుల మ్రోత విన్న అడవిలో ఈలల మ్రోత వినబడడం చిన్న విషయం కాదు.

అయినను ఈ ప్రయత్నాలన్నింటిలో ఒక పోలిక కనబడుతుంది. ఇవి పైనుండి వచ్చినవి. ప్రభుత్వం మారిన పేరు మారుతుంది. నిధులు ఆగిన పోటీ ఆగుతుంది. క్రీడా ప్రాంగణాలలో కొన్ని చోట్ల బోర్డు నిలిచినది గాని పిల్లలు ఆడేందుకు నేల చదునుకాలేదని పత్రికలలో వచ్చినది. పోలీసుశాఖ వారు మన్యంలో వాలీబాల్ పోటీలు పెట్టి బహుమతులిస్తారు. సదుద్దేశమే. కాని అది ఒకనాటి సంబరం. మరునాడు నెట్టు విప్పినాక ఆ జట్టు ఏమైనట్లు? బహుమతి ఇచ్చేవాడు ఉన్నప్పుడే నిలిచే జట్టు జట్టు కానేరదు. థర్లెస్‌లో పుట్టిన సంఘం ప్రభుత్వాల వల్ల పుట్టలేదు, వారి దయవలన నిలువలేదు. ఊరివారు చందాలు వేసుకొని నేల కొన్నారు, గోడ కట్టినారు, పిల్లలకు ఆట నేర్పినారు. కనుకనే అది వారిది.

క్రింది నుండి మొలిచినది మన దగ్గర బొత్తిగా లేదనుకోరాదు. సంక్రాంతికి ఏజెన్సీ పల్లెలలో యువజన సంఘాలవారు చెడుగుడు, వాలీబాల్ పోటీలు పెట్టుకోవడం పాత అలవాటు. కొత్తగూడెం, ఇల్లందు గనులలో సింగరేణి కార్మికులకు ఆటల సంఘమున్నది. ఏరియాకు ఒక జట్టుగా పోటీలు జరుగుతవి. పనిచేసే చోటే జట్టుకు పేరు కావడం హర్లింగ్ పద్ధతికి చాలా దగ్గర. అయితే 1990 ప్రాంతంలో లక్షకు పైగా ఉన్న గనికార్మికులు నేడు సుమారు నలభైవేలకు తగ్గినారు. పని తగ్గిన చోట మైదానంలో సందడి తగ్గడం వింత కాదు. ఇట్టి జట్లకు కంపెనీయే కాక ఊరు కూడా ఆధారం కావలసి ఉన్నది.

పొరుగున ఒక నిదర్శనం

కర్రా బంతీ ఆటను ఆదివాసులు తమదిగా చేసుకొన్న చోటు చూడవలెనన్న సముద్రాలు దాటనక్కరలేదు. ఒడిశాలోని సుందర్‌గఢ్, ఝార్ఖండ్‌లోని సిమ్డేగా జిల్లాలలో హాకీ పల్లెపల్లెనా ఆడే ఆట. అక్కడి గ్రామపోటీలలో గెలిచిన జట్టుకు మేకపోతు బహుమతి. గెలిచినవారు దానిని వండుకొని ఊరందరితో కలిసి తింటారు. 1928లో ఆమ్స్టర్‌డాం ఒలింపిక్స్‌కు భారత హాకీ జట్టు నాయకుడుగా వెళ్ళిన జైపాల్ సింగ్ ముండా జాతివాడు. తరువాత ఆయన రాజ్యాంగసభలో ఆదివాసుల గొంతుక అయినాడు. సుందర్‌గఢ్ జిల్లా సౌనామారా అనే పల్లెలో పుట్టిన దిలీప్ టిర్కీ నాలుగువందలకు పైగా అంతర్జాతీయ పోటీలు ఆడి, 2022లో హాకీ ఇండియా అధ్యక్షుడైనాడు. 2023లో రూర్కెలాలో బిర్సా ముండా పేర గొప్ప హాకీ మైదానం వెలసినది. మేకపోతు పోటీ మొదట, మహామైదానం తరువాత. ఈ క్రమం గమనింపదగినది. పునాది వేయకుండా గోపురం లేపడం అక్కడ జరుగలేదు.

రాజస్థాన్ అడవిబిడ్డ లింబారాం కథ వేరు. 1980ల చివర ప్రభుత్వ క్రీడాసంస్థవారు ఆదివాసి ప్రాంతాలలో వెదకి, వెదురువిల్లుతో వేటాడే ఆ బాలుని కనుగొన్నారు. ఆయన మూడు ఒలింపిక్స్‌లలో భారతదేశం పక్షాన బాణం వేసినాడు. అదియు ఘనకార్యమే. అయితే అట్లు వెదకి తెచ్చిన పద్ధతిలో ఒకడు వెలుగులోకి వచ్చును. ఊరూరా పోటీ నడిచే పద్ధతిలో తరతరమూ వచ్చుచుండును.

ఆక్షేపణలు

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలెను. ఐర్లండు నేడు సంపన్న దేశం. అక్కడి ఉపాధ్యాయుడు సాయంత్రం ఆడి, రాత్రి ఇంటికి పోయి కడుపునిండ తినగలడు. నిర్వేతనంగా ఆడుమని దినకూలి చేసే కోయ యువకునికి చెప్పడం ధర్మమా? ఈ ప్రశ్న సమంజసం. ఐర్లండులోనూ ఈ నియమం వివాదరహితం కాదు. క్షేమం చూచుకొనేందుకు అక్కడి ఆటగాళ్ళు 1999లో తమకొక సంఘం ఏర్పరచుకొన్నారు. కనుక జీతం లేని ఆటను మన్యం మీద ఆదర్శంగా రుద్దరాదు. క్రీడాకోటా ఉద్యోగం, లీగులో చోటు మన్యం బిడ్డకు ఎంత దొరికిన అంత మేలు. గ్రహించవలసినది మరొకటి. లీగుకు వెళ్ళగలిగేవాడు వేయిమందిలో ఒకడు. మిగిలిన తొమ్మిదివందల తొంభైతొమ్మిదిమందికి ఆట ఉండవలెనా, వద్దా? వారి ఆరోగ్యం, స్నేహం, ఊరిమీద అభిమానం దేనితో నిలుచును? సారాకొట్టూ, సెల్‌ఫోనూ తప్ప వేరు వినోదం లేని సాయంకాలాలకు ఊరి జట్టు ఒక దారి.

రెండవ ఆక్షేపణ స్థానికాభిమానం కక్షలకు దారితీయుననేది. తీయవచ్చును. చెడుగుడు బరిలో మొదలైన తగవు ఊళ్ళ నడుమ పగ అయిన సందర్భాలు పల్లెలలో లేకపోలేదు. దానికి మందు పోటీని మాన్పడం కాదు. నియమాలు తెలిసిన నిర్ణేత, అందరూ అంగీకరించిన క్రమం, ఓడినవాడు మళ్ళీ వచ్చే ఏడు ఆడగలనన్న నమ్మకం ఉన్నప్పుడు కక్ష ఆటగానే మిగులుతుంది. ఏటేటా జరిగే పోటీలో ఓటమికి మరో అవకాశముంటుంది. ఒక్కసారి జరిగే సంబరంలో ఓటమి అవమానంగా మిగులుతుంది.

అడవి ఇచ్చే సాధనం

హర్లింగ్ కర్రను ‘యాష్’ అనే చెట్టు వేరుమొదలు నుండి చెక్కుతారు. 2012లో ఐర్లండులో ఆ చెట్లకు ఒక శిలీంధ్రపు తెగులు కనబడినది. వనాలు ఎండసాగినవి. చెట్టు పోతే కర్ర ఎక్కడిదన్న చింత పుట్టినది. ఇప్పుడు కొందరు వెదురుతో ఆ కర్రలు చేస్తున్నారు. 2018లో యునెస్కో మానవజాతి వారసత్వ సంపదలలో చేర్చిన ఆటకు మన మన్యపు గడ్డి ఆధారం కావడం చిత్రమే. వెదురును మించి భద్రాచలం అడవులు ఎరిగినదేమున్నది? బుట్ట, చాప, దడి, ఇంటి వాసం, విల్లు అన్నీ దానితోనే. 2006 అటవీహక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, దాని మీద గిరిజనులకు హక్కు ఇచ్చినది.

విల్లు విషయం ప్రత్యేకంగా చెప్పదగినది. భూమిపండుగనాడు కోయలు విల్లంబులతో వేటకు పోవడం పూర్వాచారం. 1972 వన్యప్రాణి చట్టం తరువాత వేట నేరమైనది. అడవి జంతువులను కాపాడుకొనడం న్యాయమే. కాని వేట పోగా విల్లుకు పని లేక, అది సభలలో అతిథులకిచ్చే జ్ఞాపికగా మిగిలినది. ఒలింపిక్ విల్లు కొనవలెనన్న లక్షల రూపాయలు కావలెను. అయితే మన జాతీయ పోటీలలో వెదురువిల్లుతోనే వేసే ‘ఇండియన్ రౌండ్’ అనే విభాగమొకటి ఉన్నది. దానికి కావలసిన వెదురు, చేయి, కన్ను మూడూ మన్యంలో ఉన్నవి. కావలసినది లక్ష్యఫలకం, చదును నేల, నేర్పేవాడు.

బాలికలు

స్త్రీలు ఆడే హర్లింగ్‌ను కమోగీ అంటారు. దాని సంఘం 1904లో ఏర్పడినది. 2025 మే నెల దాకా ఆ క్రీడాకారిణులు పోటీలలో పావడా వంటి ఉడుపు ధరించి తీరవలెనన్న నియమం ఉండినది. ఆ నెల 22న జరిగిన ప్రత్యేక మహాసభలో నూటికి 98 వోట్లతో అది మారినది, నిక్కరు ధరించే స్వేచ్ఛ లభించినది. అంత పురోగమించిన దేశంలోనే ఉడుపు విషయం తేలడానికి నూటయిరవై ఏళ్ళు పట్టినది. మన పల్లెలలో బాలిక ఆట పుష్పవతి కావడంతో, లేదా పదవ తరగతితో ముగుస్తున్నది. పెండ్లికి ముందున్న ఆ కొద్ది సంవత్సరాలలో ఆడే చోటు దగ్గరలో ఉన్నదా, తోడువచ్చే పెద్ద ఉన్నదా, చీకటిపడేలోగా ఇల్లు చేరగలదా అన్న ప్రశ్నలే ఆమె భవిష్యత్తును నిర్ణయిస్తున్నవి. త్రిష వంటి విజేతను చూచి చప్పట్లు చరచిన తల్లిదండ్రులే తమ బిడ్డ మైదానానికి పోతానన్నప్పుడు సందేహిస్తారు. ఊరి జట్టు ఊరిలోనే ఉండడం బాలికలకు మరింత అవసరం.

చేయదగినది

మన్యంలో ఊరి జట్లను నిలబెట్టడానికి కోట్ల రూపాయలు అక్కరలేదు. మొదట కావలసినది ఒక పంచాంగం. మార్చిలో ఇప్పపూవు రాలుతుంది. ఏప్రిల్, మే నెలలలో తునికాకు కోత. వర్షాలు పడగానే దుక్కి. మిరపకోతలకు కుటుంబాలే తరలిపోతవి. ఈ పనుల నడుమ వరికోత ముగిసిన నాటి నుండి సంక్రాంతి దాకా కొద్ది వారాల తీరిక చిక్కుతుంది. కార్యాలయాల సౌకర్యం చూచి పెట్టే పోటీ పనుల రోజున పడి విఫలమవుతుంది. అడవి పంచాంగాన్ని అనుసరించి పెట్టే పోటీకి ఎవరూ పిలువకుండానే జనం వస్తారు.

రెండవది, పదవ తరగతి తరువాతి జట్టు. ఆశ్రమ పాఠశాలలో ఏడెనిమిదేళ్ళు కలిసి ఆడిన పిల్లలు బయటకు రాగానే చెదరిపోతున్నారు. వ్యాయామోపాధ్యాయుడు వారి పేర్లు, ఊళ్ళు ఒక పుస్తకంలో వ్రాసి ఉంచి, సెలవులలో ఊరి జట్టుగా కూర్చినట్లయిన సగం పని అయినట్లే. పాతవిద్యార్థి కొత్తవానికి నేర్పుతాడు. క్యుసాక్ చేసినది ఇంతకంటె విశేషమేమీ కాదు. మూడవది, సరిహద్దు. చర్ల, దుమ్ముగూడెం, వాజేడు, ఏటపాక, చింతూరు, కుంట, మోటు, ఈ ఊళ్ళ జట్లు కలిసి ఆడే పోటీ ఒకటి ఏటా జరుగవలెను. అందుకు ఏ రాష్ట్రమూ చట్టం చేయనక్కరలేదు. నాలుగు రాష్ట్రాల ఉపాధ్యాయులు నలుగురు ఒకచోట కూర్చొని తేదీ నిర్ణయించిన చాలును. ఆటకు నిర్ణేత ఒక రాష్ట్రంవాడు కావచ్చును, బహుమతి మేకపోతు మరొక రాష్ట్రానిది కావచ్చును.

అట్టి పోటీ నుండి రేపే ఒలింపిక్ వీరుడు పుట్టునని ఆశించరాదు. పుట్టిన మంచిదే. అంతకు ముందే సిద్ధించే ఫలం మరొకటి ఉన్నది. జిల్లాలు మారినను, రాష్ట్రాలు మారినను, కొన్ని ఊళ్ళు నీట మునిగినను, తాము ఎవరమో చెప్పుకొనేందుకు ఆ ప్రాంతపు యువకులకు ఒక స్థలం ఏర్పడుతుంది. టిప్పరరీ బాలుడు క్రోక్ పార్కులో నిలిచి తన కౌంటీ పేరు చెప్పుకొన్నట్లే, గోదావరి ఒడ్డు బాలుడు ఏదో ఒక మైదానంలో నిలిచి తన ఊరి పేరు చెప్పుకొంటాడు. ఆ మైదానం దగ్గరలో ఉండేటట్లు చూడడం నేటి ఉపాధ్యాయుల చేతిలో, నేడు ఆడుతున్న విద్యార్థుల చేతిలో ఉన్న పని.